మాది గుల్లలపేట

ఓడల యార్డు గేటు దగ్గర దానయ్యను కొట్టింది గురువారం పగలు పదకొండు గంటలకు. ఎండ బాగా కాస్తోంది. హెల్మారా దేశంలో అంత ఎండ కాసే రోజులు ఏడాదికి ముప్పై మించవు కనుక జనమంతా వీధుల్లోనే ఉన్నారు. పిల్లలు ఐస్‌క్రీము తింటున్నారు. నలభైమంది మగవాళ్ళు గొలుసులూ ఇనప కొక్కేలూ పట్టుకుని గేటుకు అడ్డంగా నిలబడ్డారు. షిఫ్టు దిగి వచ్చే ప్రతి మనిషినీ పాస్‌పోర్టు చూపించమన్నారు. హెల్మారా వాళ్ళ ఎర్ర అట్ట ఉంటే వదిలేశారు. వేరే రంగు ఉంటే పక్కకు లాగారు.

దానయ్య ఇల్లు చేరేసరికి అతని చొక్కా మీది రక్తంలో సగం అతనిది కాదు.

"బావా, సెయ్యి ఇలా తే," అంది నూకరత్నం, వేడినీళ్ళ గిన్నె బల్ల మీద పెట్టి.

"సెయ్యి కాదే, పక్క సూడు. ఊపిరి తీస్తంటే లోపల గుచ్చుతంది."

"అప్పన్నన్నేడీ?"

దానయ్య కొళాయి వైపు చూశాడు. అప్పన్న అతనితోపాటు తొమ్మిదేళ్ళు వెల్డింగ్ చేసినవాడు, పక్క వాటాలో ఉండేవాడు. "కంపెనీ తనిఖీ అనుకున్నాడే. నవ్వుతా, పుస్తకం రెండు సేతుల్తో ఇచ్చినాడు, పెద్దోళ్ళకి తాంబూలం ఇచ్చినట్టు. ఆడు అట్ట రంగు సూసి కొక్కెంతో కణతమీద ఒక్కటే... ఒక్కటే కొట్టినాడు రత్నా. అప్పన్న నవ్వు అలాగే ఉండిపోనాది."

నూకరత్నం గుడ్డ పిండింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. పారబోసి మళ్ళీ పట్టింది. ఏడేళ్ళ కూతురు బంగారి గుమ్మంలో నిలబడి చూస్తోంటే, "పోయి బొమ్మలెయ్యి," అని హెల్మారీ భాషలో చెప్పి పంపించింది.

ఆ వారంలోనే ప్రభుత్వం కబురు పంపింది. పరాయి దేశస్థులకు ముప్పై రోజుల గడువు. పాత పౌరసత్వం వదిలేసినవాళ్ళు ఉండవచ్చు. వదలనివాళ్ళు వెళ్ళిపోవాలి. ఇక్కడ పుట్టిన పిల్లలు ఈ దేశపు పిల్లలు, ఈ దేశపు పౌరుడైన తల్లో తండ్రో సంతకం పెడితే తప్ప వాళ్ళు పొలిమేర దాటకూడదు.

"వదిలీద్దాం బావా," అంది నూకరత్నం. "ఈ మాట ముందే అన్నాను. అప్పుడే ఇనుంటే పక్కటెముకలైనా దక్కేవి."

"కాయితం అయితే ఎప్పుడో పారీసేవోణ్ణి. ఈళ్ళు కాయితం అడగరు కదే, బుర్ర అడుగుతారు. నువ్వు పనిసేసేది అక్కడే, నీకు తెల్దేటి?"

నిజమే, ఆమెకు తెలుసు. ఓడరేవు వెనక కొండ మీదున్న ప్రయోగశాలలో శబ్దాలూ వాసనలూ సిద్ధం చేసే విభాగంలో ఆమె నాలుగేళ్ళుగా సహాయకురాలు. పౌరసత్వం అడిగినవాణ్ణి అక్కడ కుర్చీలో కూర్చోబెట్టి, నరానికి రంగుమందు ఎక్కించి, మూడు గంటలపాటు అతని ఊరి శబ్దాలు వినిపిస్తారు, వాసనలు చూపిస్తారు. ఆ సమయంలో మెదడులో మేలుకున్న కణాలు ఆ మందును పీల్చుకుంటాయి. మర్నాడు నీలం దీపం కింద ఆ కణాలను మాత్రమే ఆర్పేస్తారు. మనిషికి భాష పోదు, లెక్కలు పోవు, జ్ఞాపకాలూ పోవు. ఊరి పేరు చెప్తే గుర్తుపడతాడు. కానీ లోపల ఏదీ కదలదు. కొందరైతే ఆ ఊరి పేరు వింటేనే ముఖం చిట్లిస్తారు. అది మంచిదేనని ప్రభుత్వం అనుకుంది.

"ఊరి మీద బెంగ పోద్ది," అంది నూకరత్నం. "పోతే పోనీ. ముందు నువ్వు సేయించుకో. పది రోజులాగి నేను. అప్పన్న పెళ్ళాం మొగుడు లేక ఎలా మిగిలిందో సూసినావు కదా."

దానయ్య పౌరసత్వం ఫారం దగ్గరకు లాక్కున్నాడు. 'మీది ఏ ఊరు?' అన్న ప్రశ్న కింద ఏమాత్రం ఆలోచించకుండా గుల్లలపేట అని రాశాడు. నూకరత్నం ఆ కాగితం చదివి, సరేనని తలూపింది.

"వాసనలు అడుగుతాడు, ఏటి రాయను?"

"నీకు నచ్చింది రాయి."

"ఎండు నెత్తళ్ళ సేపలు రాసీత్తాను. ఆ కుర్చీ ఆరు నెల్లు కంపు కొట్టాల. దొరల ముక్కులు ఊడిపోవాల."

పక్కటెముకలు పట్టుకుని నవ్వాడు. అతను ఆమె వైపు తిరిగి నవ్వింది అదే ఆఖరుసారి.

ఆ కుర్చీ దగ్గర వాడే గుల్లలపేట శబ్దాల, వాసనల పేటికను నూకరత్నమే సిద్ధం చేసింది. నలభై ఒక్క అంశాలు. అలివి వలను ఒడ్డుకు లాగేటప్పటి కేక, ఇసకలో దిగబడే సైకిలు చప్పుడు, రేవులో ఆడవాళ్ళ చేపల వేలంపాట, సరుగుడు తోపులో గాలి, జీడిపిక్కలు కాల్చిన పొగ, ఎండు నెత్తళ్ళు. ఒక్కొక్కటీ సీసాలో, టేపులో సర్దుతూంటే ఆమె కళ్ళు చెమర్చాయి. తన గొంతూ, బంధువులెవరి గొంతూ అందులో లేకుండా జాగ్రత్తపడింది. అది నియమం.

పని జరిగినప్పుడు ఆమెను లోపలికి రానివ్వలేదు. భార్య కదా. యంత్రం నడిపినతను బయటికి వచ్చి, "ఇంత గట్టిగా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. మీ ఊరంటే మీవాళ్ళకు ఎంత ప్రాణమో!" అన్నాడు. ఆమె గర్వపడింది కూడా.

ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంచుకుని, ఏడోరోజు మధ్యాహ్నం ఎర్ర అట్ట పుస్తకం చేతికిచ్చి పంపించారు. బంగారి కిటికీలోంచి చూసి కేకపెట్టింది. నూకరత్నం వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఒచ్చీసినావా బావా?"

అతను చెప్పులు విప్పుతున్నాడు. ఆ మాట విని తలెత్తాడు. అతని ముఖంలో ఏదో తలుపు పడింది. రెండంగల్లో గది దాటి వచ్చి ఆమె గొంతు పట్టుకున్నాడు. రేకులు వంచే చేతులు అవి. ఆమె తల గోడకు రెండుసార్లు తగిలింది. మూడోసారి తగిలినప్పుడు గోడకున్న అద్దం పగిలింది. ఆమె అతని కళ్ళలోకి చూసింది. అందులో కోపం లేదు. వలలో పాము కనిపించినప్పుడు మనిషి కళ్ళు ఎలా ఉంటాయో అలా ఉన్నాయి. ఆమెను చంపకపోతే తాను చచ్చిపోతానన్న భయం ఉంది అందులో.

బంగారి వచ్చి తండ్రి ముంజేతిని కొరికి పట్టుకుంది. పళ్ళు ఎముక దాకా దిగాయి. "నాన్నా, వదులు, అది అమ్మ!" అని హెల్మారీలో అరిచింది. అతను వదిలాడు. నూకరత్నం కింద పడింది. అతను తన చేతులు చూసుకున్నాడు, ఆమెను చూశాడు, మళ్ళీ ఒళ్ళు జలదరించి, వెనక్కి వెనక్కి నడిచి, చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తాడు.

సాయంత్రం ఫోనుకు సందేశం వచ్చింది. 'రత్నా నాకు నువ్వు గుర్తున్నావు. మన పెళ్ళి గుర్తుంది. అన్నీ గుర్తున్నాయి. నీ గొంతు ఇంటే నా ఒళ్ళు నా మాట ఇనడం లేదు. నిన్ను సూసినా అంతే. నేను యార్డు కాడ రంగుల షెడ్డులో ఉంటాను. తలుపేసుకో.'

ఆమె తలుపు వేసుకోలేదు. మందు తగ్గుతుంది, పదిరోజుల్లో సర్దుకుంటుంది అనుకుంది. వాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. రోజూ మధ్యాహ్నం అతను భోజనానికి వస్తాడు. ఆమె ముఖానికి గుడ్డ కట్టుకుని, వీపు తిప్పుకుని, ఒక్క మాటా మాట్లాడకుండా వడ్డిస్తుంది. బంగారి వాళ్ళ మధ్య కూర్చుని ఇద్దరికీ కబుర్లు చేరవేస్తుంది. నాలుగు రోజులు గడిచాయి. దానయ్య పళ్ళు బిగపట్టుకుని, కంచంలోకి చూస్తూ తిని, ముఖం కడుక్కుని వెళ్ళేవాడు.

"నాన్న కూర బాగుందన్నాడు," అని బంగారి చెప్పేది. "ఉప్పు తగ్గిందన్నాడు, కానీ చెప్పొద్దన్నాడు."

అయిదో రోజు మూకుడు అంచు తగిలి నూకరత్నం చెయ్యి కాలింది. "ఓలమ్మో!" అంది. ఆపుకోగలిగిన మాట కాదది.

అతను కుర్చీ ఎత్తాడు. ఆమె అడ్డం పెట్టిన ముంజెయ్యి విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. రెండో దెబ్బ ఆమె మీద పడకుండా అతను తన్ను తాను ఎలా తిప్పుకున్నాడో తెలియదు గాని, కుర్చీని కిటికీలోంచి వీధిలోకి విసిరి, ఆ వెనకే తన తలను గోడకేసి కొట్టుకున్నాడు. పక్క వాటా వాళ్ళు వచ్చి పట్టుకునేదాకా కొట్టుకుంటూనే ఉన్నాడు. నుదుటి చర్మం విడిపోయి తెల్లగా ఎముక కనిపించింది.

మర్నాడు పొద్దున నూకరత్నం చేతికి కట్టుతో ప్రయోగశాల మెట్లెక్కింది.

డాక్టర్ టోరిన్ అరవయ్యేళ్ళ మనిషి, పొట్టిగా, నెమ్మదిగా ఉంటుంది. ఈ యంత్రం ఆమెదే. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఆమె తమ్ముడు నిద్రలో శత్రువనుకుని కన్నతల్లి గొంతు నులిమాడు. అతని బుర్రలోంచి ఆ యుద్ధభూమిని తీసేయడానికే ఆమె పన్నెండేళ్ళు ఈ పనిమీద కూర్చుంది. పౌరసత్వం సంగతి తర్వాత ప్రభుత్వం తెచ్చి ఆమె నెత్తిన పెట్టింది.

ఆమె నూకరత్నం మెడ మీది నల్లటి వేలిముద్రలు చూసింది. దానయ్య నమోదులు తెరమీద తెరిచింది. చాలాసేపు చూసింది.

"ఇక్కడ చూడు. వాసన, శబ్దం, ఏది పెట్టినా ఒకే చోట వెలిగింది. ఇది ఊళ్ళు ఉండే చోటు కాదు, మనుషులుండే చోటు. అతనిలో ఊరు వెలగలేదు నూకరత్నం. ఒక మనిషి వెలిగింది. నలభై ఒక్కసార్లూ ఆ మనిషే." ఆమె కళ్ళజోడు తీసింది. "మీ ఆయన ఆ ఊళ్ళో ఎన్నేళ్ళున్నాడు?"

"మాదంతా ఒకటే ఊరు డాక్టర్. మా మేనత్త కొడుకు అతను. వాళ్ళ నాన్న ఇల్లూ మా ఇల్లూ ఒకే వీధి."

"అది కాదు నేనడిగింది. అతను ఎన్నేళ్ళున్నాడు?"

నూకరత్నం మనసులో లెక్క వేసుకుంది. దానయ్య ఆరు నెలల పిల్లవాడుగా ఉన్నప్పుడే వాళ్ళ నాన్న పడవల పనికి గుజరాతు ఒడ్డున వేరావల్ రేవుకు వెళ్ళిపోయాడు. అక్కడే బడి, అక్కడే ఐసు ఫ్యాక్టరీలో పని, అక్కడే వెల్డింగ్ నేర్చుకోవడం. గ్రామదేవత పండక్కి నాలుగుసార్లు వచ్చాడు. పెళ్ళికి ఒకసారి.

"అన్నీ కలిపి నలభై రోజులుంటాయేమో," అంది.

"మరి ఆ ఊరి పేరెందుకు రాశాడు?"

"మా ఊరు అదే కదండీ. తాతలది, తండ్రులది. ఎవరడిగినా అదే చెప్తాం. వేరావల్ అని ఎవరూ చెప్పరు. అది పనికెళ్ళిన చోటు. నేనూ చదివాను ఆ ఫారం. నాకూ తప్పనిపించలేదు."

చెప్తూంటేనే ఆమెకు మిగతాది అర్థమైంది. పెళ్ళికి ముందు ఆరేళ్ళపాటు దానయ్య వేరావల్‌లో ఐసుపెట్టెల మీద కూర్చుని ఫోను చెవికి పెట్టుకుంటే, గుల్లలపేట అంతా ఆమే చెప్పింది. ఇవాళ వలకు ఏం పడిందో, ఎవరింట్లో ఎవరు తిట్టుకున్నారో, గాలి ఎటు తిరిగిందో. 'మళ్ళీ సెప్పు, వేలం ఎలా పాడతారో సెప్పు,' అని అడిగి మరీ పాడించుకునేవాడు. అతనికి ఆ ఊరంటే ఆమె గొంతు. పేటికలో తన గొంతు లేకుండా జాగ్రత్తపడింది గాని, అందులో తాను తప్ప మరేమీ లేదు.

"మిగతావాళ్ళకు ఇలా ఎందుకు కాలేదు?"

"అయ్యే ఉంటుంది," అంది టోరిన్. "ప్రేమ తీసేస్తే అక్కడ ఖాళీ మిగులుతుందనుకున్నాను. శరీరం ఖాళీ ఉండనివ్వలేదు. భయంతో నింపింది. వాళ్ళ ఊళ్ళు పదివేల కిలోమీటర్ల అవతల ఉన్నాయి కనుక ఎవరూ దేని గొంతూ పట్టుకోలేదు."

"మళ్ళీ వెలిగించలేరా?"

"లేను. చచ్చిపోయిన కణాలవి."

గదిలో యంత్రం చల్లబరిచే పంకా తిరుగుతోంది. టోరిన్ చేతులు ముడుచుకుంది.

"నీ గడువు ఇంకా పన్నెండు రోజులుంది. నీ విషయంలో ఈ తప్పు జరగదు. నువ్వు అక్కడే పెరిగావు, నీలో నిజంగా ఊరే వెలుగుతుంది. చేయించుకుంటే నువ్వూ నీ కూతురూ ఇక్కడే ఉండవచ్చు. గేటు దగ్గర నిన్నెవరూ ఆపరు. నేనే దగ్గరుండి చేస్తాను."

నూకరత్నం ఆ కుర్చీ వైపు చూసింది. నాలుగేళ్ళలో ఎన్నోసార్లు తుడిచిన కుర్చీ.

"నా కూతురు నా దగ్గరే మాటలు నేర్చుకుంది డాక్టర్. బయట మీ భాష మాట్లాడుతుంది. జ్వరమొస్తే, నిద్రలో కలవరిస్తే, గుల్లలపేటలో మా అమ్మ మాట్లాడినట్టే మాట్లాడుతుంది. అచ్చం అదే యాస. నేను ఈ కుర్చీలోంచి లేచి ఇంటికెళ్ళాక, అది ఆ యాసలో అమ్మా అంటే, నా చేతులు ఏం చేస్తాయి?"

టోరిన్ నూకరత్నం మెడ మీది వేలిముద్రల వైపు మళ్ళీ చూసింది.

"నేను పాత పుస్తకంతోనే వెళ్ళిపోతాను," అంది నూకరత్నం.

"పిల్ల?"

"పిల్లకి తండ్రి ఉన్నాడు."

ఆ మధ్యాహ్నం దానయ్యకు అన్నీ రాసింది. ఊరు, వేరావల్, ఐసుపెట్టెలు, ఆరేళ్ళ ఫోను. నన్ను క్షమించు అని రాసి కొట్టేసింది. జవాబు రావడానికి గంట పట్టింది.

'నీ తప్పేటి. నన్నడిగినా అదే సెప్తాను, మాది గుల్లలపేట అని. పిల్లదాన్ని తీసుకుపో. సంతకం నేను పెడతాను.'

సంతకం అనుకున్నంత సులువు కాదు. తండ్రీ తల్లీ ఇద్దరూ పౌర కార్యాలయంలో ఒకే బల్ల ముందు, ముఖానికి గుడ్డలు లేకుండా కూర్చోవాలి. అడిగిన ప్రశ్న చెవులారా విని, నోటితో జవాబు చెప్పాలి. దానయ్య ఒక అర్జీ పెట్టుకున్నాడు. తన ఎడమ చేతిని బల్లకు గొలుసుతో బంధించమనీ, కాళ్ళను కుర్చీకి కట్టమనీ, వెనక ఇద్దరు పోలీసులను నిలబెట్టమనీ. 'ఎందుకు?' అన్న గడిలో 'నేను ప్రమాదకరమైన మనిషిని' అని రాశాడు. కార్యాలయంవాళ్ళు ఒప్పుకున్నారు.

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు నూకరత్నం కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చింది. దానయ్య అప్పటికే కట్టి ఉన్నాడు. నుదుటి మీద పదకొండు కుట్లు. ఆమె అడుగు లోపల పడగానే గొలుసు బిగుసుకున్న చప్పుడు. అతను బల్ల చెక్కలోకి చూస్తూ, నోట్లో పెట్టుకున్న తోలుముక్కను కొరుకుతున్నాడు. చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది.

రిజిస్ట్రారు తెల్లజుట్టు మనిషి. నమోదు పుస్తకం మీంచి కళ్ళెత్తలేదు.

"బాలిక తండ్రి ఎవరు?"

దానయ్య తోలుముక్క ఉమ్మాడు. "నేను."

"ఈ స్త్రీ మీకు ఏమవుతారు?"

దానయ్య ఆమె వైపు చూడాల్సి వచ్చింది. అది నియమం. చూశాడు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. బంధించిన చెయ్యి దానంతట అదే బల్ల మీదుగా ఆమె వైపు పాకింది. గొలుసు ఆపింది. మణికట్టు చర్మం చీలి రక్తం కారింది.

"భార్య," అన్నాడు. ఆ ఒక్క మాటకు అతని పెదవి పళ్ళ కింద నలిగి చుబుకం మీదికి రక్తం జారింది.

"సంతకం చేయండి."

కుడిచేత్తో కలం తీసుకున్నాడు. మొదటి గడిలో కలం కాగితాన్ని చీల్చింది. రిజిస్ట్రారు మరో కాగితం పెట్టాడు. వెనక పోలీసు ఒకడు దానయ్య భుజాలను అదిమిపట్టాడు. ఈసారి సంతకం పడింది. వంకరగా పడింది గాని అన్ని అక్షరాలూ ఉన్నాయి.

"ఇక తల్లిగారు," అన్నాడు రిజిస్ట్రారు. "ఇది ఆఖరి అవకాశం కనుక అడగాల్సి ఉంది. మీ మూల పౌరసత్వాన్ని వదులుకోవడానికి మీకు సమ్మతమేనా? నోటితో చెప్పాలి."

నూకరత్నం కూతుర్ని తన వెనక్కి జరుపుకుంది. గొంతు ఎంత తగ్గిస్తే అంత తగ్గించింది.

"కాదు," అంది హెల్మారీలో.

బల్ల లేచింది. కాళ్ళకున్న కట్లతో సహా, కుర్చీతో సహా దానయ్య ముందుకు దూకాడు. సిరా ఒలికింది. పోలీసులిద్దరూ అతని మీద పడ్డారు. ఎడమ మణికట్టు గొలుసులో మెలితిరిగి విరిగింది. అయినా ఆ విరిగిన చెయ్యే ఇంకా ఆమె వైపు లాగుతోంది. ఒక పోలీసు లాఠీతో అతని మెడ మీద కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. చెంప నేలకు ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుని, దానయ్య తన భాషలో అరుస్తున్నాడు:

"ముద్ర... ముద్ర వెయ్యండి! ఆ ముద్ర వేసీండయ్యా!"

రిజిస్ట్రారుకు ఆ మాటలు అర్థం కాలేదు. "ముద్ర వేయమంటున్నాడు," అని బంగారి హెల్మారీలో చెప్పింది. ఆయన ముద్ర వేసి, కాగితం ఆ పిల్లకే ఇచ్చాడు.

నూకరత్నం లేచింది. పన్నెండేళ్ళ కాపురం. అతనికి చెప్పవలసిన మాట ఒకటి ఆమె నాలుక చివర దాకా వచ్చింది. తన గొంతు అతనికి ఏం చేస్తుందో ఆమెకు తెలుసు. పెదవులు బిగించుకుని, అడుగుల చప్పుడు కూడా కాకుండా కూతుర్ని తీసుకుని గది దాటింది. వెనక గొలుసు నేలమీద ఇంకా కొట్టుకుంటోంది.

తలుపు మూసింది. నడవలో నిలబడి విన్నది. కాసేపటికి అతను నీళ్ళు అడగడం వినిపించింది. గొలుసు చప్పుడు ఆగింది.